ముందు అన్వయం చెప్పు
(విరహగీతాల శ్రోతలు, వీరుడి అనేక పేర్లు: స్మారకోపన్యాసం)



మా సంస్కృతం మాస్టారి పేరిట ఏర్పాటైన ఉపన్యాసమిది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. ఇంటర్మీడియట్‌లో ఉండగా ఒకరోజు మేఘసందేశం పాఠం మధ్యలో నేను లేచి, "మాస్టారూ, ఈ యక్షుడు కాళిదాసేనా? ఆయన కూడా భార్యకు దూరమయ్యాడా?" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "ముందు శ్లోకానికి అన్వయం చెప్పు. తర్వాత ఆ మాట అడుగుదువుగాని" అన్నారు. నాకు అన్వయం, అంటే శ్లోకంలో ఏ మాట ఏ మాటతో కలిసి అర్థమిస్తుందో చెప్పడం, రాలేదు. కూర్చున్నాను.

ఈ ఏడాది ప్రసంగానికి విషయం వెతుక్కుంటుంటే ఆ మాటే గుర్తొచ్చింది. గుర్తు చేసింది మా మనవరాలి నోటుపుస్తకం.

1. నోటుపుస్తకం

టేలర్ స్విఫ్ట్ పాడిన ‘ఆల్ టూ వెల్’ అనే పాటను మా మనవరాలు మొత్తం చేత్తో రాసుకుంది. ఒక ప్రేమ ముగిసిపోవడం గురించిన పాట. 2012లో మొదట వచ్చినప్పుడు చిన్నది. 2021 నవంబరులో వచ్చిన పెద్ద పాఠం 10 నిమిషాల 13 సెకన్లు. అంత పొడుగు పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరడం అంతకుముందు లేదు. పిల్ల ప్రతి ‘నువ్వు’ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. మార్జిన్‌లో నెలలు, ఊళ్లు, ఒక స్కార్ఫు రంగు రాసుకుంది. పేజీ అడుగున ఒక నటుడి పేరు, పక్కన ప్రశ్నార్థకం.

ఈ అలవాటు అభిమానులకు ఊరికే రాలేదు. 2006లో వచ్చిన తొలి ఆల్బమ్ నుంచే స్విఫ్ట్ పాటల పుస్తకాల్లో కొన్ని అక్షరాలను మాత్రం పెద్దవిగా అచ్చు వేయించేవారు. వాటిని వరసగా కూర్చుకుంటే ఒక రహస్య వాక్యం వచ్చేది. ఒక తరం శ్రోతలు పాటను అక్షరం అక్షరంగా చదవడం అలా నేర్చుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. పదవ తరగతిలో పద్యానికి ప్రతిపదార్థం రాయమంటే విసుక్కునే పిల్ల, ఇక్కడ ఒక సర్వనామం కోసం సాయంత్రమంతా కూర్చుంది. ఆ శ్రద్ధకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

నా దిగులంతా పేజీ అడుగున ఉన్న ఆ పేరు గురించి.

2. ఒకే గదిలో ఐదుగురు

‘ఈ పాట ఎవరి మీద?’ అన్న ప్రశ్నకు ఏ దాపరికమూ లేకుండా జవాబు దొరికిన సందర్భం ఒకటి చూద్దాం. 1976లో కాలిఫోర్నియాలోని సాసలిటోలో, రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో, ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం ‘రూమర్స్’ ఆల్బమ్ మొదలుపెట్టింది. ఉన్నది ఐదుగురు. అందులో జాన్, క్రిస్టీన్ మెక్‌వీలు విడిపోయిన భార్యాభర్తలు. లిండ్సే బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ ఏళ్ల తరబడి కలిసి ఉండి తెగతెంపులు చేసుకున్నవారు. డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్ సంసారం కూడా అప్పుడే చెదిరింది. 1977 ఫిబ్రవరిలో ఆల్బమ్ వచ్చింది.

బకింగ్‌హామ్ ఆ విడిపోవడం మీద ‘గో యువర్ ఓన్ వే’ రాశారు. అందులో తన గురించిన ఒక మాట అన్యాయమని నిక్స్ నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే ఆ పాటలో గొంతు కలిపారు. అదే విడిపోవడం మీద నిక్స్ ‘డ్రీమ్స్’ రాశారు. దానికి గిటార్ బకింగ్‌హామ్‌దే. ఇక క్రిస్టీన్ ‘యూ మేక్ లవింగ్ ఫన్’ అని ఒక పాట రాశారు. బృందానికి లైట్లు చూసే మనిషితో కొత్తగా కలిగిన ప్రేమ మీద రాసిన పాట అది. భర్తకు మాత్రం కుక్కపిల్ల మీద రాశానని చెప్పారట. ఆ పాటకు బాస్ గిటార్ వాయించినది ఆ భర్తే.

ఈ సంగతి తెలిశాక నేను ఆ పాట మళ్లీ విన్నాను. బాస్ అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. నిండుగా, తొణక్కుండా పాటను మోస్తూ ఉంది. వాయించేవాడికి తెలిసిన అర్థం ఒకటి, రాసినావిడకు తెలిసిన అర్థం ఇంకొకటి. పాట రెండింటినీ పట్టుకుని నడుస్తోంది. జవాబు దొరికితే పాట తేలిపోతుందనుకున్నాను. తేలిపోలేదు.

నిక్స్ రాసిన ‘సిల్వర్ స్ప్రింగ్స్’ ఆ ఆల్బమ్‌లో చోటు దక్కించుకోలేకపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1997లో, బృందం మళ్లీ కలిసి ‘ది డాన్స్’ కచేరీ చేసినప్పుడు ఆమె దాన్ని పాడారు. చివరికి వచ్చేసరికి పక్కకు తిరిగి, బకింగ్‌హామ్ వైపు చూస్తూ పాడారు. ఎవరి మీద అని అడగనక్కర్లేదు, ఎదురుగానే ఉన్నాడు. అయినా నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. పాడుతున్నది ఎవరు? ఆ మాటలు రాసినామెకు ముప్పై నిండలేదు. మైకు ముందున్నామె యాభైకి చేరువైంది. ఆ పాటలోని ‘నేను’ను ఆమె ఆ రాత్రి మళ్లీ ధరించింది, వేషం కట్టినట్టు. పాటలో ఉన్నది ఒక మనిషి కాదు, ఒక పాత్ర. రాసినవారైనా సరే, ప్రతిసారీ అందులోకి ప్రవేశించాల్సిందే.

3. మల్లినాథుడి నిచులుడు

రచన వెనక ఎవరున్నారన్న ఈ వెతుకులాట కొత్తదేం కాదు. మెదక్ జిల్లా కొల్చారం మన కోలాచల మల్లినాథసూరి ఊరు. కాళిదాసుకు సుమారు వెయ్యేళ్ల తర్వాత ఆయన మేఘసందేశానికి ‘సంజీవని’ వ్యాఖ్య రాశారు. పూర్వమేఘంలో యక్షుడు మేఘుడితో, తడి నిచుల మొక్కలున్న ఈ చోటు నుంచి ఉత్తరానికి లేచిపో, దారిలో దిఙ్నాగాల తొండాల దెబ్బలు తప్పించుకో అంటాడు. నిచులం ఒక మొక్క. దిఙ్నాగాలు దిక్కులను మోసే ఏనుగులు. మల్లినాథుడు ఈ అర్థమంతా చెప్పి, ఇంకొక అర్థం కూడా ధ్వనిస్తుందన్నారు. నిచులుడు కాళిదాసు పక్షం వహించిన స్నేహితుడట, దిఙ్నాగుడు తప్పులు పట్టిన ప్రత్యర్థి అట. ఈ ఒక్క వ్యాఖ్యను పట్టుకుని కాళిదాసు కాలం నిర్ణయించబోయిన చరిత్రకారులూ ఉన్నారు.

నోటుపుస్తకంలో పిల్ల చేసింది ఇదే పని. తేడా వరసలో ఉంది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు ముందే ప్రతిజ్ఞ చేశారు. మొక్కకు మొక్క అని, ఏనుగుకు ఏనుగు అని చెప్పాకే మనుషుల జోలికి వెళ్లారు. మాస్టారు నన్ను అడిగిందీ ఆ వరసే.

వరస తప్పితే ఏమవుతుందో ఆలంకారికుడు అభినవగుప్తుడు చెప్పారు. రసానుభవానికి ఆయన ఏడు విఘ్నాలు లెక్కపెట్టారు. వాటిలో ఒకటి, ఎదుట కనిపించే భావాన్ని ‘ఇది నాదే’ అనో ‘ఇది ఫలానావాడిదే’ అనో బిగించుకోవడం. ఇంకొక ఆలంకారికుడు భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఈ రెండు ముళ్లనూ విప్పేస్తుంది. అప్పుడు విరహం ఎవరి పేరా లేకుండా అందరికీ అందుతుంది. అభిమానులు ఒక్కోసారి ఆ రెండు ముళ్లూ వేసుకుంటారు. ఒకరు పాటను నటుడికి కడతారు, ఇంకొకరు తమను విడిచిపోయినవాడికి కడతారు. మొదటి ముడి బిగిస్తే బతికున్న మనుషులకు గాయమవుతుంది. 2023 జూన్‌లో మినియాపొలిస్ కచేరీలో స్విఫ్టే అభిమానులను వేడుకున్నారు: ఎప్పుడో రాసిన పాటల వెనక ఉన్నారని మీరనుకునే మనుషుల మీద నా తరఫున విరుచుకుపడొద్దని.

4. మూడు పేర్లవాడు

అసలు మనిషి ఎవరన్న ప్రశ్న మీదే నిలబడ్డ సాహిత్యం ఇంకొకటుంది. అది ముసుగువీరుల కథలు. 1938లో సూపర్‌మ్యాన్ పుట్టినప్పటి నుంచీ పాఠకులకు ఒకటే తగాదా. విలేకరి క్లార్క్ కెంట్ వేషమా, ఎగిరే వీరుడు వేషమా అని. 1986లో జాన్ బర్న్ కథను తిరగరాసి, క్లార్కే అసలు మనిషన్నారు. తగాదా మాత్రం తీరలేదు.

మా మనవరాలితో కూర్చుని నేను చూసింది మార్వెల్ వాళ్ల ‘మూన్ నైట్’. 1975లో డగ్ మెంచ్, డాన్ పెర్లిన్ సృష్టించిన వీరుడు. కిరాయి సైనికుడు మార్క్ స్పెక్టర్, ధనవంతుడు స్టీవెన్ గ్రాంట్, టాక్సీ నడిపే జేక్ లాక్లీ, ముగ్గురూ ఒకడే. మొదట్లో ఇవి మారువేషాలు. తర్వాతి రచయితల చేతుల్లో ఒకే శరీరంలో ఉండే వేర్వేరు వ్యక్తిత్వాలయ్యాయి. 2022లో ఆస్కార్ ఐజాక్ నటించిన ఆరు భాగాల ధారావాహికలో స్టీవెన్ లండన్ మ్యూజియం దుకాణంలో పనిచేసే బెదురు మనిషి. తల్లి పెట్టిన హింసను తట్టుకోలేక చిన్నప్పటి మార్క్ మనసు కల్పించుకున్నవాడు.

నాలుగో భాగంలో మార్క్ ఒక శవపేటిక తెరిచి స్టీవెన్‌ను బయటికి తీస్తాడు. ఇద్దరూ నడుస్తుంటే ఇంకో పేటిక లోపలి నుంచి ఎవరో కొట్టుకుంటున్నట్టు కదులుతుంది. వాళ్లు దాటిపోతారు. పిల్ల అక్కడ బొమ్మ ఆపింది. "తాతయ్యా, మూడోవాడు ఉన్నాడు. ఇంతకుముందు కూడా ఇద్దరూ మేం చంపలేదన్నారు, గుర్తుందా?" అంది. ఆరో భాగం చివర జేక్ వచ్చాడు. మూలంలో ఉన్నదాన్ని పట్టుకుని పిల్ల చెప్పిన వ్యాఖ్య అది.

అంతకుముందు, నాలుగో భాగంలో చనిపోయిన మార్క్ ఐదో భాగం చివర ఈజిప్టు పురాణాల రెల్లుపొలానికి చేరతాడు. అక్కడ శాంతి ఉంది. ‘అసలువాడు’ తనే, కల్పించుకున్నవాడు ఇసుకలో రాయై పడి ఉన్నాడు. అయినా చివరి భాగంలో వెనక్కి వెళ్లి, ఆ రాతి మనిషి పక్కన కూర్చుని, నువ్వు లేకుండా నేను లేనన్నట్టు మాట్లాడతాడు. ఎవరు అసలు అని తేల్చుకోవడం కన్నా అందరినీ వెంట తీసుకుపోవడం అతనికి ముఖ్యమైంది.

5. అధ్యాపకులకు ఒక విన్నపం

ఆ రాత్రి నేను నోటుపుస్తకం తెప్పించి, "ఈ పాటకు అన్వయం చెప్పు" అన్నాను. ‘నువ్వు’ ఎక్కడ ‘మనం’ అయిందో, ఆ ‘మనం’ ఎక్కడ విడిపోయి ‘నేను’ ఒక్కతే మిగిలిందో వేలు పెట్టి చూపిస్తూ అరగంట చెప్పింది. నటుడి పేరు ఒక్కసారీ రాలేదు. ఆమె దాచలేదు, దానితో పని పడలేదు.

సభలో అధ్యాపకులున్నారు. మీ పిల్లల దగ్గర ఇలాంటి పుస్తకాలుంటాయి. వాటిని తరగతికి తెమ్మనండి. ఎవరి మీద రాశారని వాళ్లడిగితే కసరకండి. మాస్టారు నాకు చెప్పిన మాటే వాళ్లకూ చెప్పండి. తర్వాత ఆ అరగంట ఓపిగ్గా కూర్చుని వినండి.