ముట్లుడిగే వయసులో ఫోను వైద్యం

ఈవేళ చెప్పబోయేది మనం తోబుట్టువులతో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి. నలభై దాటాక ఉన్నట్టుండి ముఖమంతా ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, అయినదానికీ కానిదానికీ కోపం. ఇంట్లోవాళ్ళు "దీనికి గయ్యాళితనం వచ్చింది" అని నవ్వేస్తారు. అది గయ్యాళితనమూ కాదు, గాలీ ధూళీ కాదు. అండాశయాల నుంచి వచ్చే హార్మోను తగ్గేసరికి, ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు తికమకపడుతుంది, అంతే. వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు. మన దేశంలో ఇది సుమారు 46, 47 ఏళ్ళకే వస్తుంది.

ఇది జబ్బు కాదు గదా, మరి బాధేమిటంటారా? బాధ కత్తితో వస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది, ఆంధ్రలో తొమ్మిదిమంది! "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు ఆ సంచి" అనే మాట ఎంత తేలిగ్గా అనేస్తాం! దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే, ఆవిర్లు తగ్గడం మాట అటుంచి, కొద్దిరోజుల్లోనే విరుచుకుపడతాయి. ఎముకలూ త్వరగా గుల్లబారతాయి.

కోతకు ముందు ఒక్క మంచి మాట చెప్పే డాక్టరు దొరికితే చాలు. జఫర్‌గఢ్‌లో ఉన్న మీ అక్కకు వరంగల్లు వెళ్ళి చూపించుకోవాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, తోడు ఒక మనిషి. అందుకే ఈ-సంజీవని సంగతి ఆమెకు చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టింది, 2020 ఏప్రిల్ నుంచి ఇంట్లోంచే వీడియోలో డాక్టరుతో మాట్లాడే వీలు కల్పించింది. రుసుం లేదు. మందుల చీటీ ఫోనుకే వస్తుంది. మనసు మరీ కుంగిపోతే 14416 టెలిమానస్‌కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఫోను కొడుకుదే అయివుంటుంది. నంబరు కలిపి ఇచ్చాక ఆ పావుగంట వాణ్ణి అరుగుమీద కూర్చోమనండి. చివరి ముట్టు తేదీ, బి.పి. ఎంతుందో, వాడే మందులేమిటో ముందే కాగితం మీద రాసుకోవాలి. హార్మోను మాత్రలు పక్కింటావిడ చీటీ చూసి కొనకూడదు. రొమ్ము కేన్సరు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి సాధారణంగా అవి పనికిరావు.

ముట్లుడిగిన ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ రక్తం కనిపించిందా, ఒక్క చుక్కైనా సరే, ఇక ఫోను వద్దు. ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళి లోపల పరీక్ష చేయించుకోవాలి.