ఇంగ్లండు పల్లెలో అంగళ్లు, వృత్తులు



ఊరిలో ఒక అంగడి మూతపడినచో నష్టపోవునది ఆ వర్తకుడొక్కడే యని తలచుట సహజము. ఇంగ్లండు పల్లెల చరిత్రను పరిశీలించినచో సంగతి వేరుగా కనబడును.

1850 ప్రాంతమున అచటి పెద్ద పల్లెలలో కమ్మరి, బండిచక్రములు చేయు వడ్రంగి, గుఱ్ఱపు జీనులు కుట్టువాడు, బూట్లు కుట్టువాడు, రొట్టెలు కాల్చువాడు ఉండెడివారు. రైతునకు కావలసినవి చాలవరకు ఊరిలోనే దొరకెడివి. గుఱ్ఱము నాగలిని లాగినంతకాలము కమ్మరికి పని కొదువ లేకుండెను.

పిమ్మట రైలుమార్గములు విస్తరించినవి. కర్మాగారములలో తయారైన బూట్లు, పనిముట్లు చౌకగా పల్లెకు చేరినవి. రెండవ ప్రపంచయుద్ధము (1939-45) తరువాత ట్రాక్టరు వచ్చి గుఱ్ఱమును తొలగించినది. దానితో జీనుల పని, చక్రముల పని సన్నగిల్లినవి. కొందరు కమ్మరులు మాత్రము కొలిమి ఉన్నచోటనే మోటారు మరమ్మతు ప్రారంభించి నిలదొక్కుకొనిరి.

ఊరి అంగడికి దెబ్బ వేరొక దారిన వచ్చినది. తమ సరుకును అంగళ్లు ఏ ధరకు అమ్మవలెనో తయారుదారులే నిర్ణయించు పద్ధతిని 1964 నాటి చట్టము చాలవరకు తొలగించినది. హెచ్చు మొత్తములో సరుకు కొనగల పెద్ద దుకాణములు ధరలు తగ్గింపగలిగినవి. చిన్న అంగడి వాటితో పోటీపడలేకపోయినది. కారు గలవారు పట్నము పోయి వారమునకు సరిపడు సరుకు తెచ్చుకొనసాగిరి. ఊరి అంగడిలో, మరచివచ్చిన ఉప్పు పొట్లము వంటివి మాత్రమే కొనిరి. తుదకు అంగడి మూతపడినప్పుడు బాధపడినవారు కారు లేని వృద్ధులు, పేదలు. అనేకచోట్ల పోస్టాఫీసు కూడ ఆ అంగడిలోనే ఉండుటచే, వారు పింఛను తీసుకొను చోటు సైతము పోయినది.

అయినను కొన్ని గ్రామములు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గ్రామస్థులే వాటాలు కొని, వంతులవారీగా జీతము లేకుండ పనిచేసి, అంగడిని తామే నడుపుకొనుచున్నారు. 1894 నాటి చట్టముతో ఏర్పడిన పారిష్ కౌన్సిళ్లు మన పంచాయతీల వంటివి. ఊరికి అవసరమైన అంగడిని ప్రత్యేక జాబితాలో చేర్చుమని పై స్థాయి కౌన్సిలును కోరు అవకాశమును 2011 నాటి చట్టము వాటికి కల్పించినది. అట్టి అంగడిని యజమాని అమ్మదలచినచో, గ్రామస్థులు సొమ్ము కూర్చుకొనుటకు ఆరు నెలల గడువు నిచ్చినది. వారికే అమ్మవలెనను నిర్బంధము మాత్రము పెట్టలేదు.

గుఱ్ఱములు పోయిన పిమ్మట వెనుకటి కొలిమిని ఎవరును నిలుపజాలరు. కాని అంగడి నిలుచుటయో, పోవుటయో కొంతవరకు కొనువారి చేతిలోనే ఉండెను. మీ గ్రామములో ఏ దుకాణము, ఏ వృత్తి సన్నగిల్లుచున్నదో, అది పోయినచో ఎవరికి ఇబ్బంది కలుగునో, రాబోవు పంచాయతీ సమావేశమున చర్చింపవలసినదిగా కోరుచున్నాము.