ఆయిల్ ఇంజను ఎందుకు వేడెక్కుతుంది?



దాళ్వా చేను పొట్టమీద ఉన్నప్పుడు, డెల్టాలో కాలువ చివరి భూములకు మురుగుకాలువ నీరు తోడిపెట్టేది ఆయిల్ ఇంజనే. అప్పుడు అది కాగి పట్టేసిందంటే చేను తాలుపోతుంది. కనుక జబ్బును ముందే కనిపెట్టాలి.

ఇంజనును చల్లబరచి బయటికి పడే నీటిని చూడండి. ధార సన్నబడి, నీరు పొగలు కక్కుతుంటే దారిలో అడ్డు ఉందన్నమాట. ఇంజను ఆపి, కుళాయి, గొట్టం విప్పి నాచు, చెత్త తీయండి.

ధార నిండుగా, గోరువెచ్చగానే ఉన్నదా? అయినా సిలిండరు ఒకవైపు మాత్రం బాగా కాలుతున్నదా? అయితే లోపలి నీటిగదిలో ఒండ్రు, సున్నపు పొర పేరుకున్నాయి. ఆ పొర వేడిని నీటికి అందనివ్వదు. విప్పించి శుభ్రం చేయించాలి.

పంపు నీటిలో లేని బుడగలు ఈ ధారలో ఎడతెగక వస్తుంటే హెడ్డు గ్యాస్కెట్టును అనుమానించండి. నీరు సరిగానే ఉండి నల్లపొగ వస్తుంటే బరువు ఎక్కువైందేమో, ఇంజెక్టరు చెడిందేమో, ఎయిర్ క్లీనరు పూడిందేమో చూపించండి.

ఒక్కమాట మరవకండి. కాగిన ఇంజనుమీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. ఆపేసి, దానంతటదే చల్లారనివ్వండి.