పాఠాంతరం నుంచి ట్రాకు దాకా

త్యాగరాజస్వామి 'నగుమోము' కృతి రాగం ఆభేరి. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల తెలుగు గ్రంథం 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఆభేరికి శుద్ధ ధైవతం చెబుతుంది. నేటి కచేరీలలో ఆ కృతిని దాదాపు అందరూ చతుశ్రుతి ధైవతంతో పాడుతున్నారు. లక్షణం తెలిసినవారు అది కర్ణాటక దేవగాంధారి అంటారు. ఒక్క స్వరంతో పాటు రాగస్వరూపమే మారినా కృతి మాత్రం త్యాగయ్యదిగానే నిలిచింది. ఘంటసాల పాడిన సినిమా పాటలో అలా ఒక స్వరం మారిస్తే శ్రోత అక్కడే ఉలిక్కిపడతాడు. శాస్త్రీయ సంగీతానికీ ఆధునిక సంగీతానికీ అసలు తేడా ఇక్కడ ఉంది. రాగాలు రెండింటిలోనూ ఉన్నాయి, తాళాలూ ఉన్నాయి. పాట ఎక్కడ నివసిస్తుందన్న దగ్గరే రెండూ విడిపోయాయి.

త్యాగరాజు (1767–1847) కాలంలో పాట నివాసం శిష్యుడి గొంతు. తిరువయ్యారులో గురువు పాడింది శిష్యులు విని ధారణ చేశారు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం శిష్యపరంపరలు ఒకే కృతిని వేర్వేరు సంగతులతో భద్రపరిచాయి. వీటినే పాఠాంతరాలు అన్నారు. పాఠాంతరం తప్పుడు పాఠం కాదు. పల్లవి మొదటి సంగతి సాదాగా మొదలై, రెండోది కాస్త విప్పుకొని, ఐదో ఆరో సంగతికి రాగమంతా కళ్లెదుట నిలిచే పద్ధతిలోనే పెరుగుదలకు చోటుంది. దాని మీద నెరవు, కల్పనస్వరం, ఆలాపన వచ్చి చేరతాయి. వాగ్గేయకారుడు ఇల్లు కట్టి ఇచ్చాడు, గాయకుడు అందులో కాపురం చేస్తాడు.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతును గ్రామఫోను కంపెనీ రికార్డు చేయడంతో పాటకు కొత్త నివాసం దొరికింది. పళ్లెం ఒక వైపు పట్టే వ్యవధి సుమారు మూడు నిమిషాలు. అరగంట విస్తరించగల రాగాన్ని అంతలో ముగించాలి. ఆలాపన కుదించుకుపోయింది, సంగతులు ఏరుకోవలసి వచ్చింది. మరోవైపు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ 'నగుమోము' రికార్డు, సభకు ఎన్నడూ వెళ్లని ఇళ్లలో కూడా మోగింది. ఒక పాఠాంతరం వేల గొంతులకు నమూనా అయింది. శాస్త్రీయ సంగీతం కూడా యంత్రం చేతిలో కొంత గడ్డకట్టిందని ఒప్పుకోవాలి.

కచేరీ అనగానే పురాతనమైనదని అనుకోవడం అలవాటు. నేటి కచేరీ రూపం మాత్రం ఇరవయ్యో శతాబ్దిది. వర్ణంతో ఆరంభించి, కృతులు, రాగం తానం పల్లవి, చివర పదాలు, జావళీలు అనే వరస అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) చేతిలో కుదురుకుంది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో ఏర్పడింది. మైకు వచ్చాక గాయకుడు గొంతు చించుకోనక్కర్లేకపోయింది. శ్రుతి దిగింది, మెత్తని గమకం వెనక వరుసకూ వినిపించింది. వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చిందే. దాన్ని తెలుగువారి సొంత గొంతు చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో బోధించారు. ఆ కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా మొదలైంది. కొత్తదాన్ని తోసిపుచ్చడం ఈ సంప్రదాయం స్వభావం కాదు.

ఘంటసాల (1922–1974) సంగీతం నేర్చుకున్నది విజయనగరంలోనే. పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికంలో, మధుకరం ఎత్తుకుంటూ చదివారు. ఆయన గొంతు తెలుగునాట ప్రతి గడపకూ చేరింది కచేరీ వల్ల కాదు, సినిమా వల్ల. 1932లో వచ్చిన 'భక్తప్రహ్లాద' నాటికి నటులే పాడేవారు. నేపథ్యగానం స్థిరపడ్డాక పాడే గొంతు, కనిపించే ముఖం వేరయ్యాయి. సాలూరి రాజేశ్వరరావు 'మల్లీశ్వరి' (1951) పాటల్లో రాగం స్పష్టంగా పలుకుతుంది, కానీ దాని చుట్టూ వాద్యబృందం, మధ్య మధ్య సంగీతఖండాలు, మాట భావానికి తగ్గ విరుపులు ఉంటాయి. రాగం ఇక్కడ గమ్యం కాదు, రంగు. ఆ రంగుతో మాటను అంత బాగా అద్దిన స్వరకర్తలు తెలుగులో ఎక్కువమంది లేరు.

రేడియో మరో దారి చూపింది. 1952 నుంచి కేంద్ర మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించి శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957లో వివిధభారతి పెట్టక తప్పలేదు. వినమని శాసిస్తే సంగీతం చెవికెక్కదని అప్పుడే తేలింది. విజయవాడ కేంద్రం మరింత తెలివైన పని చేసింది. బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ వంటివారి చేతుల్లో లలితసంగీతం, 'భక్తిరంజని' పెరిగాయి. రాగం తెలియని ఇల్లాలికి కూడా పొద్దున్నే రాగం చెవిన పడింది.

ఆధునిక సంగీతం తెచ్చిన అసలు కొత్తదనం స్వరమైత్రి, అంటే ఒకేసారి పలు స్వరాలను పలికించి వాటి కలయికతో అర్థం పుట్టించడం. ఇళయరాజా 'సాగరసంగమం' (1983)లోనూ, కర్ణాటక రాగాన్నీ పాశ్చాత్య స్వరకర్త బాఖ్‌నూ పక్కపక్కన నిలిపిన 'హౌ టు నేమ్ ఇట్' (1986)లోనూ రాగాన్ని చెడగొట్టకుండా ఆ పని చేసి చూపారు. అందరికీ అది సాధ్యం కాలేదు. కీబోర్డు స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తుంది. షడ్జం నుంచి అంతర గాంధారం అందులో 400 సెంట్లు. తంబురా తీగలోంచి సహజంగా వినిపించే గాంధారం సుమారు 386. తోడి గాంధారమైతే ఏ అంకె దగ్గరా నిలవదు, ఊగడమే దాని ఉనికి. మెట్టుకూ మెట్టుకూ మధ్య దారి లేని వాద్యం మీద తోడి స్వరాలు పలుకుతాయి, తోడి పలకదు. వాద్యం ఆధునికమైనంత మాత్రాన ఇలా కావలసిన పని లేదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఐదు ఒంటి తీగలకు మార్చుకుని గమకమంతా దానిమీద పలికించారు.

1980లో 'శంకరాభరణం' సినిమా శాస్త్రీయమా, ఆధునికమా అనే వాదాన్ని తెరకెక్కించింది. పాశ్చాత్య బాణీ కుర్రకారుకు కథానాయకుడు శంకరశాస్త్రి పాడి బదులు చెప్పే సన్నివేశం తెలుగువారికి కంఠోపాఠం. విశేషమేమంటే ఆ శాస్త్రి గొంతు, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది. స్వరకర్త కె.వి. మహదేవన్‌కూ ఆయనకూ జాతీయ పురస్కారాలు వచ్చాయి. శాస్త్రీయ సంగీతం గెలిచిందని చెప్పిన పాటలన్నీ స్టూడియోలో రికార్డయిన పాటలే.

ఆ తరువాత స్టూడియో కూడా మారింది. 1983లో వచ్చిన మిడి ప్రమాణం కీబోర్డును కంప్యూటరుతో కలిపింది. 1997లో వచ్చిన ఆటోట్యూన్ శ్రుతి తప్పిన గొంతును సరిచేసింది. ఇవాళ లయ ముందే క్లిక్‌గా కొలిచి ఉంటుంది. గాయకుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా, ఒక్కో చరణం, ఒక్కోసారి ఒక్కో పదం పాడి వెళతాడు. తబలా ఒక ఊళ్లో, వేణువు మరో ఊళ్లో రికార్డవుతాయి. పనితనం తక్కువని కాదు, ధ్వనిని చెక్కే నేర్పు ఎంతో పెరిగింది. పోయినదల్లా ఎదురుబొదురు కూర్చుని ఒకరినొకరు వినడం. కచేరీలో గాయకుడు వదిలిన చివరి స్వరాన్ని వయొలిన్ అందుకుంటుంది, మృదంగం తీర్మానం వేసి అతణ్ణి సమానికి చేరుస్తుంది. నిన్నటి కల్పనస్వరం ఇవాళ మళ్లీ రాదు.

అందుకే శాస్త్రీయ సంగీతానికి సినిమా పాట శత్రువు కాదు. పాట ఒకే రూపంలో ఉంటుందని నమ్మే చెవి వల్లే దానికి నష్టం. పిల్లలకు సరళీ వరసలు చెప్పించే తల్లిదండ్రులు, సంగీతోపాధ్యాయులు నెలకొక కృతిని ముగ్గురు విద్వాంసుల పాఠాంతరాల్లో వారికి వినిపించాలి. వాటిలో ఒకటైనా సభలో, విద్వాంసుడి ఎదుట కూర్చుని విన్నదై ఉండాలి.