అక్కడ ఎవరెవరు ఉన్నారు?

(తెనాలిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరున మాట్లాడమని పిలిచినప్పుడు నేనేదో సాహిత్య విషయం ఎత్తుకుంటానని మీరు అనుకుని ఉంటారు. ఆయన తెలుగు పండితుడు. నేను ఆయన దగ్గర ఛందస్సు నేర్చుకుని మర్చిపోయినవాణ్ణి. అయితే ఆయన్ని తలుచుకుంటే నాకు పద్యం కన్నా ముందు ఒక ప్రశ్న గుర్తొస్తుంది. ఎవడైనా ఏడుస్తూ వెళ్లి "ఫలానావాడు నన్ను ఏడిపించాడండీ" అంటే మిగతా అయ్యవార్లు "ఎవడ్రా వాడు?" అని లేచేవారు. ఈయన మాత్రం "అప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నార్రా?" అనేవారు. ఉన్నవాళ్లందర్నీ నిలబెట్టేవారు. ఏమీ చెయ్యనివాళ్లను నిలబెట్టడం ఎక్కడి న్యాయమని మాకు ఒళ్లు మండేది.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యబోవడం లేదు. ఆయన చేతిలో బెత్తం ఉండేది, అది ఊరికే ఉండేది కాదు. పేర్లు పెట్టడంలోనూ ఆయనది అందె వేసిన చెయ్యి. కాస్త లావుగా ఉండే ఒక కుర్రాడికి ఆయన సరదాకి పెట్టిన పేరు వాడికి పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా వదల్లేదు. ఈ రెండు సంగతులూ కలిపే నేను ఆయన్ని గౌరవిస్తాను.

ఇంగ్లీషువాళ్లు బుల్లీయింగ్ అనేదానికి తెలుగులో మాట లేదంటారు. లేకేం, డజను ఉన్నాయి. ఏడిపించడం, ఉడికించడం, ఎక్కిరించడం, సతాయించడం, ఆటపట్టించడం. ఉడికించడంలో పొయ్యి ఉంది, ఆటపట్టించడంలో ఆట ఉంది. ఏడిపించడంలో ఏడుపు పచ్చిగా కనబడుతూనే ఉన్నా ఆ మాట మనం నవ్వుతూ అంటాం. బావామరదళ్ల సరసానికీ అదే మాట, బడి వెనక గోడ దగ్గర ఎనిమిదో తరగతి పిల్లాడికి జరిగేదానికీ అదే మాట. పత్రికల్లో వచ్చే 'వేధింపు' పోలీసు స్టేషన్ మెట్లెక్కాక పుట్టే మాట. ఏ పిల్లాడూ అమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చి "నన్ను వేధించారు" అనడు. మన మాటలన్నీ తేలికైనవి కావడంతో సంగతి కూడా తేలికైందే అనుకుంటూ వచ్చాం.

బుల్లీయింగ్ మీద పరిశోధన స్వీడన్‌లో మొదలైంది కూడా ఒక మాటతోనే. పీటర్ పాల్ హైనెమన్ అనే డాక్టరు 1969లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. గుంపుగా చేరిన పిల్లలు ఒక్కణ్ణి పట్టుకుని పీడించడం చూసి ఆయన కదిలిపోయాడు. దానికి 'మాబ్నింగ్' అని పేరు పెట్టాడు. మాట జంతు ప్రవర్తన శాస్త్రం నుంచి వచ్చింది, కోన్రాడ్ లోరెంజ్ రాతల్లోంచి. చిన్న పక్షులన్నీ కూడి పెద్ద పక్షి మీద పడి తరమడాన్ని అలా అంటారు. మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పట్టపగలు గుడ్లగూబ బయటికొస్తే కాకులు దాన్ని ఏం చేస్తాయో తాటితోపుల పక్కన పెరిగినవాళ్లందరికీ తెలుసు. హైనెమన్ చూపు గుంపు మీద ఉంది, అది గుర్తు పెట్టుకోండి.

తర్వాత డాన్ ఒల్వేయస్ వచ్చాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త. 1973లో స్వీడిష్‌లో పుస్తకం వేశాడు. గుంపు అనేది పైకి కనిపించేదే, లోపల చూస్తే ప్రతి తరగతిలోనూ పనిగట్టుకుని పీడించే కొద్దిమంది ఉంటారు, పదేపదే బలయ్యే కొద్దిమంది ఉంటారు అని ఆయన వాదన. మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చెయ్యడం, మళ్లీ మళ్లీ చెయ్యడం, ఇద్దరి మధ్యా బలంలో తేడా ఉండడం. సమఉజ్జీలు కొట్టుకుంటే అది కొట్లాట. ఈ మూడూ ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఆ పుస్తకం వచ్చిన ఏడు నేను రేపల్లె ప్యాసింజర్లో తెనాలి బడికి వస్తున్న ఎనిమిదో తరగతి కుర్రాణ్ణి. ఆ రైలు దగ్గరికి మళ్లీ వస్తాను.

1982 చివర్లో ఉత్తర నార్వేలో పద్నాలుగేళ్లు దాటని ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటిపిల్లల పీడనే బహుశా కారణమని బయటపడేసరికి దేశం ఉలిక్కిపడింది. 1983లో అన్ని బడుల్లోనూ కార్యక్రమం మొదలైంది. ఒల్వేయస్ పేరు రాయనక్కర్లేని ప్రశ్నల కాయితం పంచాడు. బెర్గెన్ నగరంలో 42 బడుల్లో రెండున్నర వేల మంది పిల్లల మధ్య రెండేళ్లు పనిచేస్తే పీడన సుమారు సగానికి తగ్గింది. ఇది పిల్లకాయల వ్యవహారం కాదని, పెద్దవాళ్లు పూనుకుంటే తగ్గేదని లోకానికి తెలిసింది అప్పుడే.

జపాన్ కథ ఇంకా చేదు. 1986లో టోక్యోకు చెందిన ఒక మిడిల్ స్కూలు కుర్రాడు చనిపోయాడు. అంతకు కొద్ది నెలల ముందు తరగతివాళ్లు అతను చనిపోయినట్టు ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. వీడ్కోలు కార్డు మీద తలా ఒక సంతకం పెట్టారు. నలుగురు ఉపాధ్యాయులు కూడా పెట్టారు. సరదాకే అనుకున్నారట. మొరిత యోజి అనే సమాజ శాస్త్రవేత్త ఇలాంటివి పరిశీలించి నాలుగు వలయాలు గీశాడు. నడుమ బలయ్యేవాడు, వాడి చుట్టూ పీడించేవాళ్లు, వాళ్ల చుట్టూ వినోదం చూసేవాళ్లు, ఆ పైన చూసీ చూడనట్టు తల తిప్పుకునేవాళ్లు. బయటి వలయాలు ఎంత పెద్దవైతే లోపలివాడి బతుకు అంత దుర్భరం అన్నాడు.

ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి 1996లో ఈ చుట్టూ ఉన్నవాళ్లనే పట్టుకుంది. వాళ్లలో చెయ్యి అందించేవాళ్లు వేరు, నవ్వి ఎగదోసేవాళ్లు వేరు, పక్కకు తప్పుకునేవాళ్లు వేరు, అడ్డం పడేవాళ్లు వేరు. అంటే హైనెమన్ గుంపు మళ్లీ తిరిగొచ్చింది, ఈసారి ముఖాలతో. 2001లో కెనడావాళ్లు హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ ప్రచురించిన లెక్క నాకు నిద్ర లేకుండా చేసింది. టొరంటో బడుల ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి చూస్తే నూటికి 88 సందర్భాల్లో పక్కన తోటిపిల్లలు ఉన్నారు. అడ్డుపడింది 19 సందర్భాల్లోనే. అడ్డుపడితే మాత్రం సగానికి పైగా సార్లు పది సెకన్లలో ఆగిపోయింది. పది సెకన్లు! మాస్టారు కెమెరా లేకుండా అడిగిన ప్రశ్న ఇదే కదా.

మన దగ్గర చట్టం వెనకబడిందేమీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఎగతాళికి ఆరు నెలల నుంచి ప్రాణం పోతే యావజ్జీవం దాకా శిక్షలు రాసుకుంది. చర్య తీసుకోని ప్రిన్సిపాల్‌ని నేరానికి తోడ్పడినవాడిగానే చూడాలంది. అంత రాసుకున్నాక, 2009 మార్చిలో బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్లో సీనియర్లు చేసిన అవమానానికి ఒక విద్యార్థిని ప్రాణం మీదికి తెచ్చుకుంది. అదే నెలలో హిమాచల్ ప్రదేశ్‌లో వైద్యవిద్య చదివే ఒక కుర్రాణ్ణి సీనియర్లు కొట్టి చంపారు. సుప్రీంకోర్టు రెండింటినీ కలిపి తనంత తాను విచారణకు తీసుకుంది. ఆ జూన్‌లోనే యూజీసీ నిబంధనలు వచ్చాయి. ఇవాళ దేశంలో ఏ కాలేజీలో చేరే పిల్లైనా, వాళ్ల తల్లిదండ్రులైనా "ర్యాగింగ్ చెయ్యను, చెయ్యనివ్వను" అని సంతకం పెడుతున్నారంటే దాని వెనక బాపట్ల హాస్టల్ గది ఒకటి ఉంది. ఈ సంగతి బాపట్లలోనే చాలామందికి గుర్తులేదు. 2016లో ఆ నిబంధనలకు కులం, మతం, రంగు, ప్రాంతం పేరుతో చేసే అవమానాలను కూడా చేర్చారు. చేర్చడానికి ఏడేళ్లు ఎందుకు పట్టిందో మన హాస్టళ్లలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇదంతా కాలేజీకి. ఏడో తరగతి పిల్లాడికి? సీబీఎస్ఈ 2015లో తన బడులకు మార్గదర్శకాలు పంపింది. విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. అది మా మాస్టారి బెత్తానికి, ఆయన పెట్టే పేర్లకు కూడా వర్తిస్తుంది. పెద్దాయన క్షమించాలి. పేరు పెట్టడం పిల్లలు నేర్చుకునేది బల్ల అవతలి నుంచే.

ఇక ఫోను. ఇక్కడ ఒల్వేయస్ మూడు గుర్తుల్లో రెండింటికి చిక్కొచ్చిపడింది. ఒకే ఒక్కసారి తీసిన ఫొటో వెయ్యిమందికి చేరితే అది ఒకసారి చేసినట్టా, వెయ్యిసార్లు చేసినట్టా? కండబలం లేనివాడు కూడా దొంగ పేరుతో ఖాతా తెరిచి బలవంతుణ్ణి ఏడిపించగలిగితే బలంలో తేడా ఎటువైపు? దీని మీద పరిశోధకులు ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. ఒల్వేయస్ 2012లో కొంచెం విసుగ్గానే ఒక వ్యాసం రాశాడు: సైబర్ వేధింపుల గురించి మరీ ఎక్కువ చేసి చెబుతున్నారు, ఫోన్లో బాధపడేవాళ్లలో అత్యధికులు బడిలోనూ బాధపడుతున్నవాళ్లే అని. ముసలాయన మాటలో నిజం ఉంది. పిల్లాడి చేతిలో ఫోను లాక్కుంటే తీరిపోతుందనుకునే తండ్రులు అది వినాలి. నాకు మాత్రం ఒక తేడా కనబడుతోంది. మొరిత గీసిన బయటి రెండు వలయాలూ ఫోన్లో చెరిగిపోయాయి. అక్కడ చూసినవాడు వేలు కదిపి పంపితే చాలు, లోపలి వలయంలోకి వచ్చేస్తాడు. నవ్వే బొమ్మ పెట్టినవాడూ అంతే.

2024 మార్చిలో ఈ ఊళ్లోనే, ఇంటి పట్టా వచ్చిన సంతోషంలో కెమెరా ముందు నాలుగు మాటలు మాట్లాడిన ఒక గృహిణిని ఊరూపేరూ లేనివాళ్లు ఫోన్ తెరల మీద ఎక్కిరించారు. కొద్ది రోజుల్లో ఆమె చనిపోయింది. ట్రోలింగే కారణమని కేసు నడిచింది, కాదని వాదించినవారున్నారు. ఆ వాదులాట కూడా అవే తెరల మీద, అదే భాషలో సాగింది. ఆమె చిన్నపిల్ల కాదు కదా, ఇక్కడెందుకు ఎత్తానంటారేమో. అప్పుడు మన ఇళ్లలో పిల్లలు మన భుజాల మీదుగా ఆ తెరలు చూస్తున్నారు.

చూసేవాడు అడ్డుపడాలి అని చెప్పి దిగిపోతే ఈ ఉపన్యాసం సుఖంగా ముగిసేది. 2023 జూన్ 16న రేపల్లెకు దగ్గర్లో, చెరుకుపల్లి మండలంలో పదో తరగతి కుర్రాడొకడు పొద్దున్నే ట్యూషన్‌కి వెళ్తుంటే దారి కాచి పెట్రోలు పోసి తగలబెట్టారు. అక్కను వేధిస్తున్నవాణ్ణి నిలదీశాడు, అదే వాడు చేసింది. టొరంటో లెక్క వాడికి పనిచెయ్యలేదు. అందుకే అడ్డుపడమని పిల్లలకు చెప్పేముందు వాళ్ల వెనక ఎవరున్నారో చూసుకోవాలి. 2009 నుంచి ఫిన్లాండ్ అంతటా బడులకు విస్తరించిన పద్ధతిలో కూడా ముందు పెద్దవాళ్ల బృందం ఉంటుంది, ఆ తర్వాతే పిల్లలు. మన దగ్గర పిల్లల సహాయానికి 1098 ఉంది, సైబర్ ఫిర్యాదుకు 1930 ఉంది. నేను అడిగిన పిల్లల్లో ఆ నంబర్లు తెలిసినవాళ్ల కన్నా క్రికెటర్ల జెర్సీ నంబర్లు తెలిసినవాళ్లే ఎక్కువ.

మాస్టారు పనిచేసిన మూడు ఊళ్లలో, రేపల్లెలో, బాపట్లలో, తెనాలిలో, పేరు రాయనక్కర్లేని ఒక కాయితం పిల్లలకు పంచుదామని నిర్వాహకులు అడిగారు. పది ప్రశ్నలు రాసుకొచ్చాను. మొదటి మాటకే ఆగిపోయి చాలాసేపు కూర్చుని చివరికి 'ఏడిపించడం' అనే రాశాను. వాళ్లు అనే మాట అదే. తొమ్మిదో ప్రశ్న మాస్టారిది: ఎవరినో ఏడిపిస్తున్నప్పుడు నువ్వెక్కడున్నావు, ఏం చేశావు?

పిల్లలకిచ్చే ముందు నేను నింపాలి కదా అనిపించింది. నింపాను. 1973, సాయంత్రం రేపల్లె ప్యాసింజరు, వెనక నుంచి రెండో పెట్టె. వేమూరు దాటింది. నత్తి ఉన్న ఒక కుర్రాడి చేత రాబోయే స్టేషన్ల పేర్లు చెప్పిస్తున్నారు. భట్టిప్రోలు దగ్గర వాడు చిక్కుకుపోయాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. నవ్వాను. మర్నాటి నుంచి వాడు ఇంజను పక్క పెట్టెలో ఎక్కేవాడు.