కరాచీ – బొంబాయి: దూరమెంత? కాలమెంత?

(పఠనమందిరమున నొసంగిన ఉపన్యాసము)



కరాచీ నుండి బొంబాయికి ఆకాశమార్గమున సుమారు 550 మైళ్లు, అనగా 880 కిలోమీటర్లు. ఈ దూరము ఎన్నడును మారలేదు. ప్రయాణకాలము మాత్రము మారుచు వచ్చినది. అదియు యంత్రముల వలననే కాదు. ఈ విషయమునే నేడు మనవి చేయదలచితిని.

1932కు పూర్వము లండను నుండి వచ్చు విమానపు టపా కరాచీలో దిగి, దక్షిణదేశమునకు రైలుమీద చేరుచుండెను. ఆ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ ఉదయము 6 గంటల 35 నిమిషములకు జె. ఆర్. డి. టాటాగారు ఒకే ఇంజనుగల పుస్ మాత్ విమానమున 25 కిలోల టపాతో కరాచీ విడిచిరి. నడుమ అహమ్మదాబాదులో దిగి పెట్రోలు పోయించుకొనిరి. ఆ విమానమునకు పెట్రోలు డబ్బాలు మోసికొని వచ్చినది ఎద్దుబండి! మధ్యాహ్నము 1 గంట 50 నిమిషములకు జుహూ మైదానమున వాలిరి. మొత్తము 7 గంటల 15 నిమిషములు. నెవిల్ విన్సెంటుగారు ఆ టపా నందుకొని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చిరి. వానకాలమున జుహూ మైదానము నీట మునిగెడిది. అప్పుడు పూనా నుండి నడపెడివారు. ప్రభుత్వమువారు ధనసహాయ మొసంగలేదు. అయినను పని ఆగలేదు.

1982లో, అదే తేదీన, 78 ఏండ్ల వయస్సున, టాటాగారు అదే మార్గమున మరల చిన్న విమానము నడిపిరి. 1965, 1971 యుద్ధములు గడచినను నాడు ఆ దారి తెరచియే యుండెను.

నేటి జెట్ విమానమునకు ఆ దూరము గంటన్నర పని. కాని ఆ రెండు నగరముల నడుమ నేరుగా పోవు విమానములు నిలిచిపోయినవి. 2025 ఏప్రిలులో పహల్గాములో నిరాయుధులైన యాత్రికులను హంతకులు చంపిన పిమ్మట ఉభయ రాజ్యములును పరస్పర విమానములకు తమ ఆకాశమును మూసినవి. మరుసటి మాసమున మన ప్రభుత్వము పాకిస్తానుతో టపా మార్పిడిని గూడ నిలిపివేసినది. ఉత్తరములకై తెరచిన దారిలో ఉత్తరమునకే చోటు లేకపోయెను! దుబాయి మీదుగా చుట్టి పోవువాడు సుమారు 3,100 కిలోమీటర్లు పయనింపవలెను. అచ్చట వేచియుండు కాలమును గలిపినచో, సామాన్యముగా పుస్ మాత్ కంటె ఆలస్యముగానే చేరును.

న్యాయవాదిని గనుక ఒక్క మాట. పొలమునకు పోవు బాటను పొరుగువాడు మూసిన, కోర్టులో దారిహక్కు అడుగవచ్చును. ఆకాశమున బాటసారి కట్టి హక్కు లేదు. 1944 నాటి చికాగో ఒడంబడిక మొదటి నిబంధన ప్రకారము ప్రతి రాజ్యమునకును తన భూమిపైని ఆకాశముమీద సంపూర్ణాధికారము గలదు. రాజ్యము లంగీకరించిననే దారి.

దేశరక్షణము ప్రథమధర్మము, అందు సందేహము లేదు. దారి మూతపడుటకు కారణమైన పాపము హంతకులది, వారిని పోషించినవారిది. శిక్షను మాత్రము సరిహద్దున కిరువైపుల బంధువులు గల సామాన్యులు గూడ అనుభవించుచున్నారు. ఈ రెండు మాటలలో ఏ యొక్కటి మరచినను మన తీర్పు ధర్మము తప్పును.

కావున రెండు విమానాశ్రయముల నడుమ కాలమెంత యని యెవరేని యడిగినచో, మైళ్లను వేగముతో భాగించుటకు ముందు, నడుమనున్న రాజ్యముతో మనకు మైత్రి యెట్లున్నదో విచారింపుడు. విమానమును ధనముతో కొనవచ్చును. దారిని నమ్మకముతోనే తెరువవలెను. ఆ నమ్మకము కలుగుటకు పొరుగురాజ్యము హంతకులను విడనాడవలెను. అది నిజముగా జరిగిననాడు తలుపు తెరచుటకు మనము వెనుదీయరాదు.