చిన్న ఊరికి సోలార్ తాగునీళ్లు: బ్యాటరీ వద్దు, ట్యాంకు పెద్దది కట్టండి

పాడేరు, అరకు వైపు కొండల మీద ఇరవై ముప్పై ఇళ్ల గూడేలు చాలా ఉన్నాయి కదా. ఒక గూడెంలో వంద మంది ఉన్నారనుకుందాం. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. అంటే మొత్తం 5,500 లీటర్లు. బోరులో నీళ్లుండి, మరీ లోతు కాకపోతే, ఒక హెచ్‌పీ సోలార్ మోటారు సరిపోతుంది.

అందరూ అడిగేది ఒకటే, "రాత్రిపూట ఎలాగండీ, బ్యాటరీ వద్దా?" అని. వద్దండి. బ్యాటరీ కొన్నేళ్లకే పోతుంది, మళ్లీ కొనడానికి డబ్బులెవరిస్తారు? ఎండ ఉన్నప్పుడు నీళ్లు పైకెక్కించేస్తే, రాత్రి కుళాయి తిప్పినా వస్తాయి. కరెంటు దాచక్కర్లేదు, నీళ్లు దాచుకుంటే చాలు. అందుకే ఖర్చు తగ్గుతుందని ట్యాంకు చిన్నది కట్టకండి. శ్రావణంలో ముసురు పట్టిందంటే మోటారు సరిగ్గా తిరగదు. నన్నడిగితే దాదాపు రెండు రోజులకి సరిపడా, 10,000 లీటర్లది కట్టమంటాను.

ఇంకోటి. సోలార్ వచ్చింది కదా అని పాత చేతిపంపు పీకేస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు! ఒకే బోరులో రెండూ పెట్టుకునే పద్ధతి ఉంది. చేతిపంపు లేకపోతే, కంట్రోలర్ పెట్టె పాడైన రోజున మెకానిక్ కొండెక్కి వచ్చేదాకా ఆడవాళ్లు బిందెలతో వాగుకే నడవాలి. వానాకాలంలో ఆ వాగు నీళ్లు తాగితే ఏమవుతుందో అక్కడివాళ్లకి నేను చెప్పాలా?

ప్యానెళ్ల మీద దుమ్ము ఎవరు తుడవాలి, రిపేర్లకి ఇంటికి నెలకెంత వేసుకోవాలి అన్నది మాత్రం మోటారు దించకముందే ఊరంతా కూర్చుని తేల్చుకోండి. క్లోరిన్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.